ఒక్కరోజులో గండికోట, బెలుం

మన పెద్దవాళ్ళకు యాత్ర అంటే తీర్థయాత్రే. కాశీకో, రామేశ్వరానికో, తిరుపతికో మొక్కుబడి ఉంటేనే గాని గడప దాటేవారు కారు. ఊరికే చూచి రావడానికి డబ్బు ఖర్చుపెట్టుకొని బయలుదేరడమన్నది వారి దృష్టిలో పనిలేనివాళ్ళ పని. ఇప్పుడు కాలం మారింది. నాలుగు సెలవులు కలిసివస్తే చాలు, మధ్యతరగతి కుటుంబీకులు కూడా సింగపూరు, వియత్నాం అంటున్నారు. మా కళాశాలలో గణితం చెప్పే మిత్రులొకరు కిందటి వేసవిలో సకుటుంబంగా వియత్నాం వెళ్ళివచ్చారు. అక్కడి సముద్రతీరంలో హాలాంగ్ అఖాతమని ఒకటున్నదట. జెండా పట్టుకొన్న గైడు వెంట, ఒక పగలంతా పడవలో తిరిగారట. నీళ్ళలో నుంచి నిలువునా లేచిన సున్నపురాతి దీవులు 1,600 దాకా ఉన్నాయి. వాటి కడుపులో గుహలు, గుహల నిండా రంగుల దీపాలు. 1994లో యునెస్కోవారు ఆ ప్రదేశాన్ని ప్రపంచ వారసత్వ స్థలాల పట్టికలో చేర్చారు కూడాను. మధ్యాహ్నం విరామంలో ఆయన ఈ విశేషాలు చెబుతూంటే అందరమూ చెవులొగ్గి విన్నాము.

అంతా విని, చరిత్ర చెప్పే మరొక మిత్రులు నెమ్మదిగా అడిగారు: "బాగానే ఉంది గాని, సున్నపురాయి మన కాళ్ళకిందనే ఉంది గదా! బెలుం గుహలు చూచారా?"

గణితంగారు చూడలేదు.

"పోనీ, గండికోట?"

"జమ్మలమడుగులో బస్సు మారినప్పుడు బోర్డు చూచాను."

అందరూ నవ్వారు. అయితే నవ్వినవారిలో సగంమంది ఆ బోర్డు కూడా చూచినవారు కారు. పెరటిచెట్టు మందుకు పనికిరాదన్న సామెత ఊరికే పుట్టలేదు. కడపలో పుట్టి, కడపలో పెరిగి, కడపలో పింఛను పుచ్చుకొంటూ కూడా గండికోట ముఖం చూడనివారు ఎందరో ఉన్నారు. ఏతావాతా, కార్తీకమాసంలో ఒక ఆదివారం నాడు గండికోట, బెలుం రెండూ ఒక్కరోజులో చూపించి తీసుకువచ్చే బస్సులో, నాలుగు కుటుంబాలకు కలిపి టిక్కెట్లు కొన్నాము. గైడు రుసుము టిక్కెట్టులోనే కలిసి ఉంటుంది. భోజనం మాత్రం ఎవరిది వారే తెచ్చుకోవాలి. ఈ మాట వినగానే మా ఇంట్లో ముందునాటి రాత్రే ఓళిగలకు పూర్ణం సిద్ధమైపోయింది. కార్తీకంలో వనభోజనం కూడా కలిసివస్తుందని ఆడవాళ్ళ సంతోషం.

ఎర్రగుంట్ల దారిలో

తెల్లవారి ఆరుగంటలకు బయలుదేరవలసిన బస్సు ఆరున్నరకు కదిలింది. మన దేశంలో ఇది సకాలమే. గైడు ఏబై దాటిన మనిషి. తెల్లచొక్కా, మెడలో గుర్తింపుకార్డు, చేతిలో చిన్న మైకు. "అందరూ వచ్చినారా సార్? పిల్లోళ్ళను లెక్కపెట్టుకోండి. మళ్ళా సాయంత్రం ఇదే లెక్క అప్పజెప్తాను" అని నవ్వుతూ మొదలుపెట్టాడు. మా బృందంలో అందరికన్నా పెద్ద గణితంగారి తల్లి. డెబ్బై ఎనిమిదేండ్లు. మొదటి వరుసలో కిటికీ పక్కన కూర్చుని, ఒళ్ళో ఒక గుడ్డసంచి పెట్టుకొని, ఊరూరి పేరూ అడిగి తెలుసుకొంటూ వచ్చింది.

కడప అన్నది 'గడప' నుంచి వచ్చిన మాట అంటారు. తిరుమలేశుని దర్శనానికి పోయేవారికి ఇది తొలి గడప. నేటికీ ఊరి పక్కన 'దేవుని కడప' ఉంది. ఇక 'రాయలసీమ' అన్న పేరు అంత పాతదేమీ కాదు. 1800లో నిజాము ఈ సీమను ఇంగ్లీషువారికి ధారపోసిన తరువాత శతాబ్దానికి పైగా దీనిని 'దత్తమండలాలు' అనేవారు. ఎవరో ఎవరికో దానమిచ్చిన నేల అన్న ఆ పేరు ఇక్కడివారికి నచ్చలేదు. 1928లో నంద్యాలలో జరిగిన సభల్లో, భాషాపండితులైన చిలుకూరి నారాయణరావుగారు 'రాయలసీమ' అన్న పేరు ప్రతిపాదించగా అది నిలిచిపోయింది. ఒక తెలుగు పండితుడు పెట్టిన పేరుతో ఒక సీమ అంతా పిలవబడుతున్నదంటే, తెలుగు చెప్పుకొని బ్రతికే మాబోటివారికి కాస్త గర్వమే మరి!

ఎర్రగుంట్ల సమీపిస్తూండగానే దారికి రెండు పక్కలా రాతిగనులు కనిపించాయి. మన ఇళ్ళలో పరిచే కడపబండ ఇక్కడిదే. బండమీద బండ, పుస్తకంలో పుటలు పేర్చినట్లు పొరలు పొరలుగా నేలలోనే ఉంటుంది. పొరను లేవనెత్తి చెక్కుకోవడమే. చుట్టుపక్కల సిమెంటు కర్మాగారాలు వెలిసింది కూడా ఈ సున్నపురాయిని చూచే. మరొక చిత్రం చెప్పాలి. 1872లో విలియం కింగ్ అనే శాస్త్రజ్ఞుడు కడప, కర్నూలు రాతిపొరలను గురించి పెద్ద గ్రంథం వ్రాశాడు. ఆనాటినుంచి భూగర్భశాస్త్రంలో ఈ రాళ్ళకు మన ఊళ్ళ పేర్లే. గండికోటలోని ఎర్రరాయికి 'గండికోట' అనే పేరు. బెలుం గుహలు తొలిచిన సున్నపురాయికి జమ్మలమడుగు దగ్గరి 'నార్జి' పేరు. మరికొన్ని పొరలకు ఔకు, కోయిలకుంట్ల, నంద్యాల పేర్లు. ప్రపంచంలో ఏ మూల విశ్వవిద్యాలయంలోనైనా ఈ రాళ్ళను గురించి చదివే విద్యార్థి ఈ పేర్లే వల్లించాలి. మన పిల్లలు మాత్రం వాటిని బస్సు బోర్డులమీదనే చదువుతున్నారు.

ముద్దనూరు దాటి, జమ్మలమడుగులో కాఫీ తాగి, మరో పదిహేను కిలోమీటర్లు పోయేసరికి ఎర్రమల కొండల మధ్య కోటగోడ అగుపించింది. కడప నుంచి మొత్తం మీద సుమారు 85 కిలోమీటర్లు.

గండి మీద కోట

'గండి' అంటే మనకు బాగా తెలిసిన మాటే. చెరువుకట్ట తెగితే గండి పడిందంటాం. కొండను నది తెగగొట్టుకొని పోయిన చోటు కూడా గండే. ఇక్కడ కట్ట తెంపింది పెన్న. కర్ణాటకలో నందికొండల వైపు పుట్టి, సుమారు 600 కిలోమీటర్లు నడిచి, నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలిసే పెన్న ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే. ఆ ఇసుకనదియే ఇంత కొండను కోసిందంటే మొదట నమ్మబుద్ధి కాదు. అంచుకు పోయి తొంగిచూస్తే సుమారు 300 అడుగుల లోతున, ఎర్రటి రాతిగోడల నడుమ పచ్చని నీరు నిలిచి ఉంది. ఆ గోడలు ఎవరో కొలిచి ఇటుకలు పేర్చినట్లున్నాయి. దిగువన మైలవరం ఆనకట్ట కట్టిన తరువాత ఆ జలాశయపు నీరు ఎగదన్ని లోయలోకి వస్తున్నది. అందువల్లనే వేసవిలో కూడా అడుగున కొంత నీరు కనిపిస్తుంది.

"దీన్ని అందరూ ఇండియా గ్రాండ్ కాన్యన్ అంటారు సార్" అన్నాడు గైడు మైకులో. అమెరికాలోని ఆ లోయ ఇంతకన్నా ఎన్నో రెట్లు పెద్దదనీ, దాని లోతు మైలు దాకా ఉంటుందనీ మా అబ్బాయి వెంటనే సెల్‌ఫోనులో చూచి ప్రకటించాడు. నిజమే కావచ్చు. కాని మన గండికి మేనమామ ఇంటిపేరు ఎందుకు? 'గండికోట' అంటే చాలదూ? అంత చక్కని తెలుగుమాట మరొకటి దొరకదు.

కోటకు మూడు పక్కల లోయా, కొండలూ కాపలా. నాలుగో పక్క మాత్రం గోడలూ, బురుజులూ, ఇనుపరేకులు తాపడం చేసిన తలుపులూ. బురుజులు 101 అని గైడు లెక్క. మా పిల్లలు లెక్కపెట్టడం మొదలుపెట్టి పందొమ్మిది దగ్గర విడిచిపెట్టారు. విజయనగర కాలంలో ఈ కోట పెమ్మసాని నాయకులది. రాయవాచకం చదివినవారికి పెమ్మసాని రామలింగమనాయని సాహసం జ్ఞాపకం ఉంటుంది. రాజ్యం రాయలది, కత్తి ఇలాంటి పాళెగాండ్లది. తళ్ళికోట యుద్ధం 1565లో జరిగి హంపీ పాడుపడిన తరువాత కూడా ఈ కోట ఎనభై ఏండ్లకు పైగా నిలిచింది.

1650 ప్రాంతాల గోలకొండ సేనాని మీర్ జుమ్లా దీనిని పట్టుకొన్నాడు. ఈయన పారసీక దేశం నుంచి వచ్చి, వజ్రాల వ్యాపారంలో గడించి, కుతుబ్‌షాకు మంత్రి అయినవాడు. 1652లో ఫ్రాన్సు దేశపు వజ్రాల వర్తకుడు టావెర్నియే ముత్యాలు అమ్మజూపడానికి మీర్ జుమ్లాను వెదుక్కుంటూ గండికోటకే వచ్చాడు. కొండను తొలిచిన ఇరుకుదారి, పక్కనే భయంకరమైన లోయ, ఇవన్నీ తన యాత్రాగ్రంథంలో వ్రాసుకొన్నాడు. మరొక సంగతి కూడా వ్రాశాడు. అప్పుడు ఇక్కడ ఒక ఫ్రెంచి పనివాడు ఫిరంగులు పోతపోస్తున్నాడట. అందుకోసం చుట్టుపక్కల గుళ్ళలోని రాగివిగ్రహాలు తెప్పించి కరిగించారట. కాని గండికోట గుడిలోని ఆరు విగ్రహాలు మాత్రం ఎంత మంట పెట్టినా కరగలేదట! ఇది విన్నప్పుడు మా ఆవిడ చేతులు జోడించింది. చరిత్రగారు మాత్రం, "కొలిమి చాలలేదేమో" అన్నారు. ఎవరి నమ్మకం వారిది.

లోపల జుమ్మామసీదు, దాని పక్కన ధాన్యాగారం, కాస్త ఎడంగా మాధవరాయస్వామి గుడి, లోయ అంచున రంగనాథస్వామి గుడి. మాధవరాయని గోపురం ఎర్రటి ఎండలో నిలిచి ఉంది. గర్భగుడిలో స్వామి లేడు. మసీదు మినారులు ఆ గుడి మంటపంలో నుంచే కనిపిస్తాయి. ధాన్యాగారం అంత పెద్దదెందుకు కట్టారని పిల్లలడిగారు. ముట్టడి వస్తే నెలల తరబడి తలుపులు మూసుకొని తినడానికని గైడు చెప్పాడు. ముట్టడి ఒక్కటే కారణం కాదనిపిస్తుంది నాకు. ఈ సీమలో శత్రువు రాకపోయినా కరువు వస్తుంది. 1876లో మొదలైన ధాతకరువులో కడప, కర్నూలు జిల్లాల్లో ఊళ్ళకు ఊళ్ళే పాడుపడ్డాయి. ఇక్కడ గింజ దాచుకోవడం తెలియనివాడు బ్రతకలేడు.

కోటలో ఇప్పటికీ ఒక పల్లె ఉంది. మేకలు మసీదు నీడన పడుకొన్నాయి. ఒక అరుగుమీద ముసలాయన బీడీ కాలుస్తూ మా గుంపును చూస్తున్నాడు. మేము వారి ఊరిని ఫోటోలు తీస్తూంటే వారు మమ్మల్ని వింతగా చూడడం న్యాయమే గదా!

"ఈడ ఇరవై నిమిషాలు సార్. ఆడ పదిహైదు నిమిషాలు" అంటూ గైడు మమ్మల్ని నడిపించాడు. ఇటువంటి యాత్రల్లో ఉన్న ఇబ్బంది ఇదే. గైడు లేకపోతే ఏ రాయి ఏమిటో తెలియదు. గైడు ఉంటే ఏ రాయి దగ్గరా నిలువనీయడు. రాయలచెరువు గట్టున, చెట్టుకింద దుప్పట్లు పరుచుకొని కూర్చున్న గంటసేపు మాత్రం గడియారం మాది. చిత్రాన్నం, చెనక్కాయల ఊరిబిండి, పెరుగన్నం, ఓళిగలు. గైడునూ, డ్రైవరునూ పిలిచి ముందు వారికి వడ్డించారు మావాళ్ళు.

నీళ్ళ కింద ఊరు

భోజనాల దగ్గరనే గణితంగారి తల్లి గైడును కదిలించింది.

"ఏమబ్బీ, ఇంత బాగా చెప్తాండావు. నీది ఈ కోటనేనా?"

"కాదవ్వా. మాది ఎగువన. తాళ్లపొద్దుటూరు."

"ఆ ఊరు మునిగిపాయ గదా?"

"అవునవ్వా. మునిగిన ఊరే."

మైకులో గలగలా మాట్లాడే మనిషి అంతటితో ఆగిపోయాడు. బెలుం వెళ్ళేముందు ఒకసారి ఆ నీళ్ళు చూచి పోదామని ఆమె పట్టుబట్టింది. ప్రయాణపు పట్టికలో అది లేదు. డ్రైవరు గడియారం చూచుకొన్నాడు. చివరికి, పెద్దావిడ మాట కాదనలేక, జలాశయం కనిపించే చోటికి బస్సు మళ్ళించారు.

గండికోట జలాశయం గాలేరు నగరి పథకంలో భాగం. పెన్నమీదనే, కోటకు ఎగువన కట్టారు. నిండితే 26.85 టీఎంసీలు. టీఎంసీ అంటే నూరు కోట్ల ఘనపుటడుగులు. అయితే ఇంత నీరు పెన్న ఇచ్చినది కాదు. కృష్ణ నీరు ఇది. శ్రీశైలం జలాశయంలో వరద వచ్చినప్పుడు పోతిరెడ్డిపాడు దగ్గర తూములెత్తితే, కాలువల వెంట బనకచెర్ల, గోరకల్లు, ఔకు దాటి, కొండల్లో తొలిచిన సొరంగాల్లో నడిచి, ఇక్కడ పెన్నలో వచ్చి పడుతుంది. ఇక్కడినుంచి మళ్ళీ యంత్రాలతో పైకెత్తి పైడిపాలెం, చిత్రావతి జలాశయాలకు పంపుతారు. కొండలు దిగి వచ్చిన నీటిని తిరిగి కొండలెక్కించడమన్నమాట.

2020లో తొలిసారి నీటిని ఎక్కువ ఎత్తుకు నిలపదలచినప్పుడు, కొండాపురం మండలంలో మిగిలిన ముంపు ఊళ్ళు ఖాళీ చేయించారు. వాటిలో తాళ్లపొద్దుటూరు పెద్ద ఊరు.

బస్సు దిగి నిలుచున్నాము. ఎదుట సముద్రం లాగా నీరు. గట్టుకు దూరంగా, ఎండి మోడువారిన చెట్టు కొమ్మలు కొన్ని నీటి పైకి లేచి ఉన్నాయి. మావాళ్ళు కొందరు, "ఎంత బాగుందో!" అని ఫోటోలు తీయడం మొదలుపెట్టారు. బాగున్నమాట నిజమే. కడప జిల్లాలో ఇంత నీరు ఒక్కచోట చూడడం కళ్ళకు పండుగ. గైడు మైకు బస్సులోనే ఉంచి దిగాడు. ఆయన కంఠం మామూలు మనిషి కంఠమైంది.

"అదో, ఆ పక్కకు రచ్చబండ సార్. దాని మీద యాపచెట్టు. కొంచెం ఇవతల బడి. నేను ఐదో తరగతి దాకా ఆ బడిలోనే. మా నాయన సమాధి చేను గట్టున ఉండ్య. పరిహారం ఇచ్చినారు. ల్యాదని అబద్ధం చెప్పను. కాలనీలో ఇల్లుండాది. మా అమ్మకు మాత్రం ఇంకా అలవాటు కాలేదు. పొద్దున లేసి పాతింటి వాకిలి ఊడ్చాలని బయలుదేరుతాది."

ఎవరూ ఏమీ అనలేదు. ముసలమ్మే మెల్లగా మాట్లాడింది.

"మా పుట్టినిల్లు సింహాద్రిపురం దిక్కు నాయనా. కరువొచ్చి మా తమ్ముడు ఇరవైయేండ్ల చీనీచెట్లు తన చేతులతోనే కొట్టేసినాడు. ట్యాంకర్లతో నీళ్ళు తోలి తోలి అప్పులపాలై, ఇంక చాతగాక కొట్టేసినాడు. నీళ్ళు రావల్లని మొక్కినోళ్ళం మేము. వచ్చినాయి. మళ్ళా నాటినాడు. ఈ నీళ్ళే ఆడికి వచ్చేది."

గుడ్డసంచిలో చెయ్యి పెట్టి నాలుగు చీనీకాయలు తీసి ఆయన చేతిలో పెట్టింది.

"మా తమ్ముని తోటవి. మీయమ్మకు ఇయ్యి. అంతకన్నా నేనేమీ ఇయ్యలేను."

ఆయన రెండు చేతులతో పుచ్చుకొని తల ఊపాడు. తరువాత, "పోదాం సార్, గుహలకు ఆలస్యమైతాది" అన్నాడు.

ఇది వ్రాస్తూంటే మరొక సంగతి తోస్తున్నది. శ్రీశైలం ఆనకట్టకు 1963లో నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. అక్కడ నీరు నిలిచినప్పుడు, 1980 ప్రాంతాల్లో, కర్నూలు, మహబూబ్‌నగరు జిల్లాల్లో నూరు ఊళ్ళదాకా మునిగాయి. సంగమేశ్వరం గుడి ఇప్పటికీ నీరు తగ్గిన నెలల్లో మాత్రమే బయటపడుతుంది. ఆ ఊళ్ళ మీద నిలిచిన నీరే కాలువవెంట నడిచివచ్చి ఈ ఊళ్ళ మీద నిలిచింది. ఇక్కడినుంచి పైకెక్కి ఎవరి చెట్టుకో చేరి కాయ అయింది. నీరు వద్దని అనగల ధైర్యం ఈ సీమలో ఎవరికుంది? వద్దని గైడూ అనలేదు. ఆయనకున్న బాధ అది కాదు. ఊరు పోయిన తరువాత ఊరి పేరు కూడా ఎవరూ ఎత్తకపోవడం ఆయన బాధ. వారానికి నాలుగుసార్లు జనాన్ని ఈ దారిన తిప్పుతున్నాడు. మీ ఊరేదని అడిగినవారు అరుదని తరువాత బస్సులో నాతో చెప్పాడు.

పాతాళగంగ దాకా

కొలిమిగుండ్ల దాటి బెలుం చేరేసరికి మూడున్నర అయింది. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు ఈ ఊరు కర్నూలు జిల్లా నుంచి నంద్యాల జిల్లాలోకి వెళ్ళింది. దూరంనుంచి కనిపించేది పెద్ద బుద్ధవిగ్రహం ఒక్కటే. గుహ ఎక్కడా అని వెతుక్కోవాలి. కొండలో గుహ ఉంటుందనుకొని వచ్చినవారికి ఇక్కడ కొండే కనిపించదు. చదునైన చేల మధ్య, బావుల వంటి మూడు గుంటలు. నడిమి గుంటలో మెట్లు. అదే ద్వారం. 'బిలం' అన్న మాటే బెలుం అయిందంటారు. ఆ మెట్లు దిగుతూంటే ఇంతకన్నా తగిన పేరు లేదనిపిస్తుంది.

ఈ గుహల పొడవు 3,229 మీటర్లు. మైదానప్రాంతంలోని గుహల్లో మన దేశంలో ఇదే పొడవైనదని చెబుతారు. అందులో సుమారు కిలోమీటరున్నర మాత్రమే సందర్శకులకు తెరిచారు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు దీనిని గురించి వ్రాశాడు. ఆ రోజుల్లోనే ఆయన, ఆయన కుమారుడు బేతంచెర్ల దగ్గరి బిలస్వర్గం గుహలు తవ్వించి పూర్వకాలపు జంతువుల ఎముకలు వెలికితీశారు. బెలుంను మాత్రం నూరేండ్లదాకా ఎవరూ పట్టించుకోలేదు. 1982, 83 సంవత్సరాల్లో గెబావర్ అనే జర్మను దేశస్థుని బృందం లోపల దూరి కొలతలు తీసింది. అప్పటికి ఇది చుట్టుపక్కలవారు చెత్త పారబోసుకొనే గుంట. 1999 నుంచి రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థ చెత్త ఎత్తించి, దారి చేయించి, దీపాలు పెట్టించింది. 2002లో జనాన్ని లోనికి అనుమతించారు. ఒకప్పుడు చెత్తకుండీ, నేడు చూడముచ్చట. మన పాడుపడ్డ చెరువులకు కూడా ఇలాంటి యోగం పట్టకూడదా అనిపించింది.

లోపల చల్లగా ఉంటుందనుకొన్నాము. ఉక్క. గాలి కోసం గొట్టాలు పెట్టి పైనుంచి పంపుతున్నారు. అయినా పది నిమిషాల్లో చొక్కాలు తడిశాయి. గణితంగారిని వియత్నాం గుహలతో పోల్చి చెప్పమన్నాము. "అక్కడ రంగుదీపాలు ఎక్కువ, ఇక్కడ చెమట ఎక్కువ. రాయి మాత్రం ఒకటే" అన్నారాయన. ఆ మాట అక్షరాలా నిజం. వానచినుకు గాలిలోనూ, మట్టిలోనూ ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కాస్త పుల్లనవుతుంది. ఆ పుల్లనీరు సున్నపురాతి పగుళ్ళలో దిగి రాతిని కరిగించుకొంటూ పోతుంది. చుక్క చుక్కగా కారే చోట, కరిగిన సున్నాన్ని మళ్ళీ పేరుస్తుంది. హాలాంగులో ఈ పని జరిగిన తరువాత సముద్రం వచ్చి కొండల చుట్టూ నిలిచింది. ఇక్కడ నేలకిందనే జరిగి నేలకిందనే ఉండిపోయింది.

సింహద్వారం దగ్గర రాయి నిజంగానే జూలు విదిల్చిన సింహంలాగా ఉంది. కోటిలింగాల గదిలో కిందినుంచీ పైనుంచీ లింగాలవంటి స్తంభాలు. ఒకచోట రాతిపలకలు మర్రి ఊడల్లాగా వేలాడుతున్నాయి. సప్తస్వరాల గుహలో వాటిని కొయ్యముక్కతో తాకితే మోగుతాయి. మా అమ్మాయి సరిగమలు వాయించబోతే గైడు వారించాడు. అందరూ వాయిస్తూ పోతే రాళ్ళు మిగలవు గదా. చివరకు పాతాళగంగ. పైనేల నుంచి 46 మీటర్ల లోతు. రాతి సందులో సన్నగా నీరు వచ్చి, మళ్ళీ రాతి సందులోకే పోతుంది. ఎక్కడికి పోతుందో కంటికి కనిపించదు. అక్కడ గైడు అందరినీ ఒక్క నిమిషం మాట్లాడకుండా ఉండమన్నాడు. ముప్పైమంది మౌనంగా నిలిచిన ఆ నిమిషంలో నీటి చప్పుడు వినిపించింది. సంవత్సరానికి 700 మిల్లీమీటర్ల వాన కూడా సరిగ్గా పడని సీమలో, ఎండిన చేల కింద, ఇలాంటి చప్పుడు తరతరాలుగా ఉన్నదన్నమాట. వెనుకటికి బౌద్ధభిక్షువులూ, జైనులూ ఈ గుహల్లో ఉండేవారంటారు. వారు ఏకాంతం కోసం వచ్చారో, ఈ నీటిని చూచి వచ్చారో ఎవరు చెప్పగలరు?

గణితంగారి తల్లి మెట్లు దిగలేక పైననే కూర్చుండిపోయింది. మేము చెమటలు తుడుచుకొంటూ వచ్చేసరికి టిక్కెట్లు చించే అమ్మాయితో ఊరూ, వాడా, పెళ్ళీ సంగతులన్నీ మాట్లాడి ముగించింది.

వెళ్ళదలచినవారికి

వర్షాలు వెనుకబట్టిన తరువాత, కార్తీకం నుంచి మాఘం దాకా, ఈ యాత్రకు మంచికాలం. వేసవిలో గండికోట బండలమీద కాలు పెట్టలేరు. లోయ అంచున అన్నిచోట్లా కటకటాలు లేవు. పిల్లల చెయ్యి వదలవద్దు. ఫోటోల మోజులో వెనక్కు నడవవద్దు. బెలుంలో ఉక్క ఎక్కువ కనుక ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవారు పైననే ఉండడం మేలు. తాగునీరు ఇంటినుంచే తీసుకుపోండి. తిన్న ఆకులూ, సీసాలూ తిరిగి తెచ్చుకోండి. వీలుంటే ఒక్కరోజు గాక రెండు రోజులు పెట్టుకోండి. మొదటిరోజు సాయంకాలం గండికోటలో సూర్యుడు దిగేటప్పుడు లోయ రంగు చూచి, రెండోరోజు బెలుం వెళ్ళవచ్చు. ఇంకొక పూట మిగిలితే యాగంటి ఉమామహేశ్వరుణ్ణి కూడా సేవించుకొని రావచ్చు. బనగానపల్లె దగ్గరనే.

గైడు లేకుండా మాత్రం వెళ్ళవద్దు. ఆయన చెప్పే కొలతలూ, సంవత్సరాలూ, బురుజుల లెక్కలూ అన్నీ వినండి. ఇరవై నిమిషాలంటే ఇరవై నిమిషాల్లోనే తిరిగి రండి. అయితే భోజనాల దగ్గర ఒక్కసారి ఆయనను కూడా కూర్చోబెట్టి, మీ ఊరేదని అడగండి. మైకులో చెప్పనిది అప్పుడు చెబుతాడు.